స్టెన్సిల్ మీద నా పేరు

వినుకొండ,
20-2-1986.

ప్రియమైన నాన్నగారికి,

మీ రెబ్కా వందనాలు. ఉత్తరం మొదట్లో "నేనిక్కడ క్షేమం" అని రాయడం చిన్నప్పుడు మీరే నేర్పారు. ఈసారి ఆ మాట దగ్గర కలం ఆగిపోయింది. నేను క్షేమంగా లేను. తమ్ముడికి అప్పుడే చెప్పకండి, ముందు మీరొక్కరే చదవండి.

పదో తరగతి ప్రీఫైనల్ లెక్కల పేపరు బయటికి పోయింది. మన మిషన్ స్కూళ్లు పదకొండింటికీ ఒకటే పేపరు, అన్నిటికీ మా స్కూల్లోనే సైక్లోస్టైల్ చేస్తాం. సోమవారం పరీక్ష జరిగింది. పేపర్లు పంచి గంట కాకముందే మా హాస్టలు పిల్లలు నలుగురు లెక్కలన్నీ చేసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారట. అందులో ఒకడికి ఎక్కాలు కూడా సరిగా రావు. లెక్కల మాస్టారికి అనుమానం వచ్చి వాడి నోటుపుస్తకం తెప్పించి చూస్తే పదిహేను లెక్కలూ వరస తప్పకుండా ఉన్నాయి. ఎక్కడివిరా అని అడిగితే "బజార్లో దొరికినయ్ సార్" అన్నాడట. బెత్తం విరిగినా అదే మాట. సాయంత్రానికల్లా పదకొండు స్కూళ్లలోనూ పరీక్ష రద్దయింది.

మర్నాడు పొద్దున హెడ్మాస్టరు ఇమ్మానియేలుగారు నన్ను గదిలోకి పిలిచారు. కూర్చోమనలేదు. "స్టెన్సిల్ కట్ చేసింది ఎవరమ్మా?" అన్నారు. నేనేనండి అన్నాను. "ఇంకెవరు చూశారు?" అన్నారు. హేండిల్ తిప్పింది అంకయ్య, అతనికి చదువు రాదు కదండీ అన్నాను. "మరింకేం?" అన్నారు. అంతే. తొమ్మిదేళ్లుగా నన్ను "మా ప్రేమదాసు కూతురు" అని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చూపించిన మనిషి, ఆ రెండు మాటలనేసి ఫైలు తిరగేయడం మొదలుపెట్టారు. నేను గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాను, ఇంకేమన్నా అంటారేమోనని. తల ఎత్తలేదు.

నాన్నగారూ, నేను చేసే పనేమిటో మీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. టిక్కుటిక్కుమని కొట్టడమేగా అని మీరు నవ్వేవారు. స్టెన్సిల్ అంటే నీలం రంగు మైనపు కాగితం. మిషనుకు రిబ్బను తీసేసి ఉత్త అచ్చుతో కొట్టాలి. అక్షరం పడినచోట మైనం తెగుతుంది, ఆ సందులోంచి సిరా దిగుతుంది. మెల్లగా కొడితే అక్షరం రాదు, గట్టిగా కొడితే ఊడుతుంది. ఇంగ్లీషు కొట్టేవాళ్లకు అలాంటి అక్షరాలు నాలుగో అయిదో. మనకు అన్నీ గుండ్రాలే. సున్నా మీద వేలు కాస్త బరువుగా పడిందా, లోపలి బిళ్ల రాలిపోయి అచ్చులో నల్లటి బొట్టు పడుతుంది. నా స్టెన్సిళ్లలో సున్నా రాలదని పై ఆఫీసులో కూడా చెప్పుకుంటారు. తప్పు పడితే దిద్దే ఎర్రమందు గోళ్లరంగు వాసన వేస్తుంది. మొదట్లో టీచర్లు నేను దొంగచాటుగా గోళ్లకు రంగు వేసుకుంటున్నాననుకున్నారు.

ఆ సైక్లోస్టైల్ మిషను వెనకటి దొరసానిగారు స్వదేశం వెళ్తూ స్కూలుకిచ్చి పోయింది. దాని అలవాట్లు దానివి. వానాకాలం కాగితం నెమ్ము పట్టి రెండేసి లాక్కుంటుంది. ఎండాకాలం సిరా పలచబడి అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు మిరపకాయల కాలం కదా, ఊరి చుట్టూ కల్లాలే. గాలి ఇటు తిరిగితే అంకయ్య తుమ్ముతాడు, తుమ్మిన ప్రతిసారీ ఒక కాగితం మసి. మీరు మన బడిలో గ్లిజరిను, జిగురు కలిపి కాచి, పళ్లెంలో పోసి గడ్డకట్టాక ఊదా సిరాతో నకళ్లు తీసేవారు. ముప్పై దాటితే అక్షరాలు వెలిసిపోయేవి. కాగితాలు ఒత్తి తీసేది నేనే. వారం దాకా చేతులు ఊదారంగు వదలక అన్నం తినబోతే అమ్మ తిట్టేది. ఈ పనిలోకి నన్ను దించిన పుణ్యం మీదే.

ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. ప్రశ్నపత్రాల స్టెన్సిళ్లు పని కాగానే కాల్చేయాలని రూలు. నిరుడు ఒక స్కూలుకు ఇరవై కాగితాలు తక్కువ పడి హెడ్మాస్టరుగారికి మాటొచ్చింది. అప్పట్నుంచి, పరీక్ష అయ్యేదాకా కాల్చవద్దని, న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి తన బీరువాలో దాచమని ఆయనే చెప్పారు. తాళంచెవి ఆయన దగ్గరే. ఆ మాట నేను గదిలో అనలేకపోయాను. 

నిన్న ఆయన సెలవు పెట్టి ఎక్కడికో వెళ్లారు. స్టాఫ్‌రూములోకి నేను వెళ్లగానే మాటలు ఆగిపోతున్నాయి. మీరూ హెడ్మాస్టరుగారూ ట్రైనింగు స్కూల్లో ఒకే గదిలో ఉన్నారు, ఒకే దుప్పటి కప్పుకున్నామని చెప్పేవారు. మీరొకసారి తుళ్లూరు నుంచి బస్సెక్కి వచ్చి ఆయనతో మాట్లాడండి. నన్ను వెనకేసుకు రమ్మనడం లేదు. "నా కూతురు అలాంటిది కాదు" అని ఒక్క మాట అంటే చాలు. మీరు వస్తారని ఎదురుచూస్తుంటాను.

మీ కూతురు,
రెబ్కా.

~

వినుకొండ,
6-3-1986.

నాన్నగారికి,

రెబ్కా వందనాలు. మీరు రాలేదు. ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివాను.

"నీ ఉత్తరం అందేదాకా నాకేమీ తెలియదు, చూసి నిర్ఘాంతపోయాను" అని రాశారు. నేను తప్పు చేశానని మీరు అనుకోవడం లేదని కూడా రాశారు. ఆ వాక్యం దగ్గర ఏడ్చాను. తర్వాతి పేజీ తిప్పకుండా ఉంటే బాగుండేది. తమ్ముడు తోమాకు మిషన్ స్కూల్లో మాస్టరు ఉద్యోగం ఇమ్మానియేలుగారి సిఫారసు మీద ఆధారపడి ఉందని, ఇప్పుడు ఆయనతో తగవు పడితే వాడి బతుకు రోడ్డున పడుతుందని, "పొరపాటు నావల్లే జరిగింది" అని నేనొక కాగితం రాసిస్తే గొడవ చల్లబడుతుందని, మూడు నెలల్లో నన్ను మళ్లీ తీసుకుంటారని రాశారు. ఆడదానికి ఉద్యోగం పోతే ఇంట్లో ఉంటుంది, మగవాడికి దొరక్కపోతే ఎక్కడుంటాడు అన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నారు. మీరన్న కడుపు నాదే కదా నాన్నగారూ.

మీ ఉత్తరం రాకముందు జరిగింది చెప్తాను. పోయిన నెల ఇరవై నాలుగో తేదీన హెడ్మాస్టరుగారు నా బల్ల మీద ఒక కాగితం పెట్టారు. "ఇది అర్జెంటుగా స్టెన్సిల్ కట్ చెయ్యమ్మా. పదకొండు స్కూళ్లకూ, చర్చీల నోటీసు బోర్డులకూ కలిపి అరవై కాపీలు" అన్నారు. మామూలుగా రిబ్బను తీసి, స్టెన్సిల్ ఎక్కించి, చదువుతూ కొట్టడం మొదలుపెట్టాను. "మా పాఠశాల టైపిస్టు కుమారి పి. రెబ్కా, ప్రశ్నపత్రం బహిర్గతమైన విషయమై విచారణ ముగియు వరకు విధుల నుండి..." అక్కడ వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తి చూస్తే ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. "ఇది నన్ను కొట్టమంటున్నారాండీ?" అన్నాను. "వేరే టైపిస్టు లేదు కదమ్మా" అన్నారు, ఏదో కాఫీ తెమ్మన్నట్టు.

కొట్టాను. ఎందుకు కొట్టావని మీరడగవచ్చు. ఆ క్షణంలో నాకు తట్టింది ఒకటే. ఇది తప్పులతో పోతే, ఆ పిల్లకు పని కూడా రాదనుకుంటారు. నా పేరులో సున్నా లేదు గాని ఆ ఉత్తర్వు నిండా ఉన్నాయి. ఒక్కటీ రాలలేదు. స్టెన్సిల్ తీసుకెళ్లి డ్రమ్ముకు తగిలించి అంకయ్యను పిలిస్తే, అతను అడిగాడు, "ఇదేంటమ్మా?" అని. చదివి వినిపించాను. అతను హేండిల్ మీంచి చెయ్యి తీసేసి, "నేను తిప్పను తల్లీ, నా సెయ్యి పడిపోను" అన్నాడు. "నువ్వు తిప్పకపోతే నీ ఉద్యోగం కూడా పోతుంది" అని అతన్ని బయటికి పంపి నేనే తిప్పాను. అరవై సార్లు నా పేరు నా కళ్లముందు కిందికి జారి పడింది. తడి ఆరేదాకా విడివిడిగా పరిచి, ఆరాక కట్టలు కట్టి, కవర్ల మీద అడ్రసులు కూడా నేనే రాసి ఇంటికొచ్చాను.

రెండ్రోజుల తర్వాత అంకయ్య నా గదికి వచ్చాడు. చంకలో మడత పెట్టిన న్యూస్‌పేపరు. "అమ్మా, ఈ బజ్జీల కాయితం సూడు. దీని మీద మన అచ్చు పడ్డట్టుంది" అన్నాడు. చదువు రాకపోయినా తొమ్మిదేళ్లుగా ఆ సిరా చూస్తున్నాడు, వాసన పట్టేశాడు. బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి పెట్టే మస్తాన్‌బీ దగ్గర పేపర్ల కట్టలో అడుగున మిగిలిందట. విప్పి చూశాను. ఏదో టెండరు ప్రకటన, దాని మీద, పక్కన తెల్లగా ఉన్న జాగా అంతటా, నల్లగా మన పదో తరగతి లెక్కలు.

నాకు అప్పుడు అర్థమైంది. సిరా తడి స్టెన్సిల్‌ను న్యూస్‌పేపర్ల మధ్య పెడితే ఒక పక్క కాగితం మీద తిరగబడి, రెండో పక్క దాని మీద చక్కగా అచ్చు దిగుతుంది. తడిసిన పేపర్లు రెండ్రోజులకు మార్చాలి, లేకపోతే స్టెన్సిల్ అంటుకుపోతుంది. మార్చింది హెడ్మాస్టరుగారే, బీరువా ఆయనదే కదా. తీసినవి మూల పాతపేపర్ల దొంతర మీద పడేసి ఉంటారు. పాతపేపర్లన్నీ హెడ్మాస్టరుగారింటికి చెందడం మా స్కూలు ఆనవాయితీ. ఆయన భార్య ఆదెమ్మగారు శనివారం శనివారం పట్టుకెళ్తారు. నేను మస్తాన్‌బీ దగ్గరికే వెళ్లి అడిగాను. "ఆ అయ్యోరమ్మేనమ్మా ఇచ్చుద్ది. పేపర్లిచ్చి బజ్జీలు కట్టించుకుపోద్ది. మాదంతా ఇచ్చిపుచ్చుకోడమే" అంది. "పిల్లకాయలు మొన్నేమో ఆ కాయితాల కోసం ఒకటే ఎగబడ్డారమ్మా. బజ్జీలు పారేసి కాయితాలు జేబులో పెట్టుకున్నారు, నా బజ్జీ బాగాలేదేమో అనుకున్నా" అని కూడా అంది. నాకు నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. నవ్వి ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను.

పేపరు పై మూల పెన్సిలుతో "హె.మా." అని ఉంది. పేపరు ఏజెంటు ఏ కాపీ ఎవరికో గుర్తు కోసం రాసింది. ఆ ఒక్క కాగితం కమిటీ ముందు పెడితే చాలు, నేను బయటపడతాను. ఆదెమ్మగారు కావాలని చేయలేదు. ఆయనా కావాలని చేయలేదు. కానీ తెలిశాక నోరు మూసుకుని నా మెడకు చుట్టడం కావాలనే చేశారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు వాళ్లింటి బజ్జీలు నా మీద పడ్డాయి.

ఇది నా చేతిలో ఉండగా మీ ఉత్తరం వచ్చింది. రెండు రాత్రులు ఆలోచించాను. తోమాను నేను ఎత్తుకుని పెంచాను. అమ్మ పోయినప్పుడు వాడు నా కొంగు పట్టుకుని సమాధుల దొడ్డి దాకా నడిచాడు. వాడికి కూడు పెట్టే సంతకం నాదైతే పెడతాను. కాగితం నమూనా హెడ్మాస్టరుగారు ఇస్తారట, నేనే టైపు చేసి సంతకం చేయాలట. అదీ నేనే కొట్టాలి, వేరే టైపిస్టు లేదు కదా. విచారణ ఈ నెల ఇరవై నాలుగున. ఈ న్యూస్‌పేపరు ఎవరికీ చూపించను.

ఒక్కటి మాత్రం చేయండి. నేను ఏ తప్పూ చేయలేదని, వాడికోసం నెత్తిన వేసుకున్నానని తోమాకు చెప్పండి. ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి.

మీ మాట దాటని,
రెబ్కా.

~

వినుకొండ,
29-3-1986.

నాన్నా,

ఈసారి వందనాలు రాయలేదు. మరిచిపోయి కాదు.

రేపు ఈస్టరు. మీరు చర్చిలో ప్రసంగం చెప్తారు. అది అయ్యాక చదవమని చెప్పే ఓపిక నాకు లేదు, ఎప్పుడు అందితే అప్పుడే చదవండి.

పదిహేడో తేదీన హెడ్మాస్టరుగారు కబురు పెట్టి స్కూలుకు పిలిపించారు. సస్పెండైన దాన్ని, టైపు చేయడానికి. నమూనా కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇలాగే కొట్టు, మార్పులేమీ వద్దు" అని చెప్పి తరగతికి వెళ్లిపోయారు. ఆయన తప్పు కాదులెండి. తొమ్మిదేళ్లుగా నా ముందు ఎన్నో కాగితాలు పెట్టారు. వాళ్ల వాళ్ల గొడవలు, చాడీలు, ఎవరికి ఎంత పరపతో చెప్పే సిఫారసులు. టైపిస్టు కొడుతుందే గాని చదవదని అందరి నమ్మకం.

నేను మిషనులో కాగితం ఎక్కించి, నమూనా పక్కన పెట్టుకుని మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. ఆ అక్షరం నేను ఎరిగినదే. ఆ తలకట్టు అలా గీతలాగా పక్కకు లాగేది ఈ లోకంలో ఒక్కరే. దీర్ఘాలు కొంచెం కిందికి వంగుతాయి. "నా అజాగ్రత్త వలన జరిగిన ఈ అపరాధమునకు నేను మాత్రమే బాధ్యురాలను." ఆ వాక్యం మీ చేతిరాత, నాన్నా. కాగితం మొదలు నుంచి చివర దాకా మీ చేతిరాత. కింద సంతకానికి చోటు వదిలి, "పి. రెబ్కా, టైపిస్టు" అని కూడా మీరే రాశారు. నా పేరు ఎంత చక్కగా రాశారో. పలక మీద మొదటిసారి రాయించినప్పుడు కూడా అంత చక్కగా లేదు.

అప్పటికి కూడా నాకు కోపం రాలేదు. నా ఉత్తరం చూశాక, ఇమ్మానియేలుగారు అడిగితే రాసిచ్చి ఉంటారనుకున్నాను. ఏదైనా రాసేముందు కుడిచేతి వైపు పైన తారీఖు వేయడం మీకు అలవాటు. పిల్లల పలకల మీద కూడా వేయించేవారు. దాని మీదా వేశారు. 19-2-86. నేను మీకు మొదటి ఉత్తరం రాసింది ఇరవయ్యో తేదీన. "నిన్న ఆయన సెలవు పెట్టి ఎక్కడికో వెళ్లారు" అని అందులో నేనే రాశాను, నా తెలివి మండ. ఆయన వచ్చింది మీ దగ్గరికి. నేను ఇక్కడ మీరొస్తారని కాగితం మీద కన్నీళ్లు పడకుండా తుడుచుకుంటూ రాస్తున్నప్పటికి, మీరు నా నేరం రాసి, తారీఖు వేసి, మడతపెట్టి ఆయన చేతికిచ్చేశారు. తర్వాత నా ఉత్తరం చూసి నిర్ఘాంతపోయారు.

నమూనా మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. మిషను మీద మూత కప్పి, లేచి బస్సెక్కి గుంటూరు వెళ్లాను. బ్రాడీపేటలో జెరాక్సు కొట్టు ఉంది. చల్లటి గది, అద్దాల తలుపు, చెప్పులు బయట విడవాలి. ఆ మిషను నేను చూడటం అదే మొదలు. సిరా లేదు, మైనం లేదు, హేండిల్ లేదు. అద్దం మీద కాగితం బోర్లించి మూత వేశాడు. పచ్చటి వెలుగు ఒకటి ఇటు నుంచి అటు పాకింది. అంతే, కాగితం బయటికొచ్చింది, పెనం మీంచి తీసినట్టు వెచ్చగా. "చేతిరాత కూడా వస్తుందాండీ?" అని అడిగాను, పల్లెటూరి దానిలా. "ఏది పెడితే అదే వచ్చుద్దండీ, మడతతో సహా" అన్నాడు కొట్టతను. మీ తలకట్లు వచ్చాయి. మీ తారీఖు వచ్చింది. "రెబ్కా" దగ్గర కలం ఒకసారి ఆగినట్టుంది, అక్కడ సిరా ముద్ద పడింది, అదీ వచ్చింది. నేను తొమ్మిదేళ్లు చేసింది దీనికి తలకిందుల పని. ఎవరు ఏ చేత్తో రాసిచ్చినా, నేను కొట్టాక అందరి మాటలూ ఒకే అచ్చులో పడేవి. రాసినవాళ్లు ఎవరో తెలిసేది కాదు. ఆ పని ఎంతమందికి ఎంత మేలు చేసిందో ఆ కొట్లో నిలబడితే అర్థమైంది.

విచారణ ఇరవై నాలుగున జరిగింది. అయిదుగురు పెద్దలు కూర్చున్నారు. చైర్మన్‌గారు "ఒప్పుకోలు కాగితం తెచ్చావటమ్మా" అన్నారు. తేలేదండి, ఇది తెచ్చాను, అని న్యూస్‌పేపరు బల్ల మీద పరిచాను. నూనె మరకలు, లెక్కలు, పైన "హె.మా." అన్నీ చూశారు. ఇమ్మానియేలుగారు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. ఆదెమ్మగారిని పిలిపిస్తే, పాపం ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. "పేపర్లు నేనే ఇచ్చానండీ. దాని మీద లెక్కలున్నయ్యని నాకేం తెలుసు. ఆ మంగళవారం రాత్రే ఈయనతో అన్నా, మన పేపర్లేమో చూసుకోండని. నన్ను కసిరారు" అంది. ఆ గదిలో నిజం చెప్పింది మేమిద్దరమే, ఇద్దరం ఆడవాళ్లమే.

"మరి ఒప్పుకోలు రాసిస్తానందని చెప్పారే, ఆ నమూనా ఎవరు రాశారు?" అని చైర్మన్‌గారు అడిగారు. అది నా సంచిలోనే ఉంది. ఇమ్మానియేలుగారు మొదటిసారి నా ముఖంలోకి చూశారు. "టైపు చేయలేదండి, అది ఇక అక్కర్లేదు కదా" అన్నాను. మీ పేరు నా నోటి వెంట రాలేదు. మిమ్మల్ని కాపాడదామని కాదేమో. మా నాన్నే రాశారని అయిదుగురు పరాయి మగవాళ్ల ముందు చెప్పడానికి నాకే సిగ్గేసింది.

బయటికొచ్చాక ఆయన వరండాలో నన్ను ఆపారు. ఏమన్నారో తెలుసా? "నేనేమీ దాచలేదమ్మా. పేపర్లు మా ఇంటి నుంచే పోయాయని ప్రేమదాసుకు ఆ రోజే చెప్పాను. వాడు ఒప్పుకున్నాకే ఈ పని చేశాను" అన్నారు. అంటే మీకు అనుమానం కూడా లేదు. నేను చేయలేదని తెలుసు. ఎవరివల్ల పోయిందో కూడా తెలుసు. తెలిసి రాశారు.

నన్ను ఒక్కసారి అడగవలసింది, నాన్నా. "తమ్ముడి కోసం ఈ నింద మోస్తావా తల్లీ" అని ఒక్క మాట అడిగితే నేనే రాసిచ్చేదాన్ని. మార్చి ఆరున ఒప్పుకుంటూ రాశాను కూడా, చూడండి ఆ ఉత్తరం. అడగాలని మీకు తోచలేదు. బడిలో పలక అడగకుండా తీసుకుని వేరే పిల్లాడికిస్తే మీరు బెత్తంతో కొట్టేవారు.

తోమా వచ్చాడు మొన్న. మీరు వాడికి నిజం చెప్పలేదని అప్పుడు తెలిసింది. సిఫారసు ఆగిపోయిందట. గుమ్మంలో నిలబడే అన్నాడు, "సంతకం పెడితే పోయేదానికి ఇంత రచ్చ చేశావేందక్కా? నా నోటికాడ కూడు తీశావు" అని. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లు కూడా తాగలేదు. వాడి మీద నాకు కోపం లేదు. వాడికి తెలిసిన దాన్నిబట్టి వాడు మాట్లాడాడు. ఆ తెలిసింది ఎవరు చెప్పారో మీకు తెలుసు.

నన్ను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. "ఆరోపణ నిరాధారము" అని ఒక కాగితం ఇచ్చారు. ఒకటే కాగితం, దాని కార్బను నకలు ఫైల్లోకి. నా మీద నేరం అరవై చోట్లకు పోయింది కదండీ, ఇది కూడా అరవై చోట్లకు పంపండి, నేనే కట్ చేస్తాను, నేనే తిప్పుతాను అన్నాను. చైర్మన్‌గారు "ఎందుకమ్మా మళ్లీ కెలకడం, నిదానంగా అందరికీ అదే తెలుస్తుంది" అన్నారు. హెడ్మాస్టరుగారు స్టెన్సిళ్ల స్టాకు లేదన్నారు. ఆయనకు నోటిమాటగా హెచ్చరిక చేశారట. నోటిమాటకు నకలుండదు. ఇప్పటికీ ఏ చర్చి గోడ మీద చూసినా నేను కొట్టిన ఉత్తర్వే వేలాడుతోంది. నిన్న శుభ శుక్రవారం ఆరాధనకు వెళ్తే బల్ల మీద నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

దీనితో మీ చేతిరాత జెరాక్సు నకలు పంపుతున్నాను. అసలు నా దగ్గర ఉంటుంది. దాన్ని ఎవరికీ చూపించను, ఆ భయం మీకు వద్దు. సంజాయిషీ రాయకండి. తమ్ముడి భవిష్యత్తనీ, సంఘం పరువనీ రాస్తారు, అవి నేను చదవలేను. మీరు ఒక తెల్లకాగితం తీసుకోండి. "నా కూతురు రెబ్కా ఈ తప్పు చేయలేదు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు" అని రాయండి. సంతకం పెట్టండి. ఆ కాగితం ఒక్కటి చాలు, అరవై నకళ్లు నేను తీయించుకుంటాను. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతే నాకు ఇంకేమీ రాయకండి, క్షేమ సమాచారం కూడా.

రెబ్కా.